మా లిమిట్స్ కాదన్న కేసు

నా పేరు మహబూబ్ బాషా. ప్రొద్దుటూరులో వకీలు గుమాస్తాగా నలభై ఏళ్లు పనిచేసి ఇప్పుడు ఇంట్లో కూర్చున్నాను. చదివింది వల్లూరు బడిలో ఐదో తరగతి వరకే. కంప్లైంట్లు, పిటిషన్లు, నోటీసులకు జవాబులు ఎన్ని రాశానో గుర్తు లేదు. అవన్నీ వేరేవాళ్ల మాటలు. కింద సంతకమో వేలిముద్రో వాళ్లదే. నా మాటలు నేను రాసి కింద నా పేరు పెట్టడం ఇదే మొదలు. మొదటి పేజీ మూడుసార్లు చించేశాను. తప్పులుంటే మన్నించండి.

కోర్టులో కొత్తగా గుమాస్తాలుగా చేరినవాళ్లు అడిగారు. "మామా, నీకు తెలిసింది రాసియ్యి, మాకు పనికొస్తాది" అన్నారు. నాకు తెలిసినవాటిలో సగం మీకు కంప్యూటరే చెబుతుంది. అది చెప్పనిది ఒకటి ఉంది. నేను చేసిన పెద్ద తప్పు. ఆ తప్పు నుంచి నన్ను బయటికి లాగినవాళ్లు ఇద్దరు. ఒకరు మా రామసుబ్బయ్య సార్. నేను పనిచేసిన వకీలు ఆయనే. రెండోది ఓబుళమ్మ, పెద్దముడియం పక్క పల్లె మనిషి. ఈ రాసేది వాళ్లిద్దరికీ కృతజ్ఞత చెప్పుకోవడానికే అనుకోండి.

ఆఖరి లైను

మన పనిలో మొదట నేర్పేది ఆఖరి లైను. పోలీసు కంప్లైంట్ ఏదైనా చివర ఇలా ఉండాలి: "ఈ సంఘటన మీ స్టేషన్ పరిధిలో జరిగినది కావున తగు చర్య తీసుకోగలరని ప్రార్థన." ఈ లైను లేకపోతే కాగితం వెనక్కి వస్తుంది. "మా లిమిట్స్ కాదు" అంటారు. సార్ దీన్ని న్యాయాధికార పరిధి అనేవారు. నాకు నోరు తిరగక లిమిట్స్ అనే అనేవాణ్ణి.

నేను చేరిన కొత్తలో ఒకటి చూశాను. రెండు స్టేషన్ల సరిహద్దులో రోడ్డు పక్కన కిలోమీటరు రాయి ఉంది. అక్కడ ఇద్దరు బర్రెల బేరగాళ్లు కొట్టుకున్నారు. ఒకాయన తలకు దెబ్బ తగిలి పడిపోయాడు. రెండు స్టేషన్ల నుంచీ హెడ్ కానిస్టేబుళ్లు వచ్చారు. రాయికి అటు అని ఒకరు, ఇటు అని ఒకరు వాదన. పడిపోయినాయన తల్లి చూసి చూసి లేచింది.

"అప్పా, నా కొడుకు తల రాయికి ఈ పక్క ఉండాది, కాళ్లు ఆ పక్క ఉండాయి. తల కేసు నువ్వు రాసుకో, కాళ్ల కేసు ఆయప్పకియ్యి. ముందు ఆటో పిలవండి" అంది.

అందరూ నవ్వారు. ఆటో వచ్చింది. మనిషి బతికాడు. ఆ రోజు నుంచి నాకు ఒకటి అర్థమైంది. దెబ్బ తిన్న మనిషికి లిమిట్స్ తెలీవు, తెలియాల్సింది మనకు.

అయితే మేము నేర్చుకున్నది వేరే రకం తెలివి. స్టేషన్ వాళ్లు కాగితం వెనక్కి ఇస్తే, గొడవ జరిగిన చోటు కొంచెం జరిపి రాసేవాళ్లం. వంకకు అవతల జరిగినది ఇవతల జరిగినట్టు, పొలంలో జరిగినది బస్టాపులో జరిగినట్టు. దీన్ని మా గుమాస్తాలు "జాగా జరపడం" అనేవాళ్లు. మంచి గుమాస్తా అంటే నొప్పి తెలియకుండా జాగా జరిపేవాడు. నేను అందులో పేరున్నవాణ్ణి. సిగ్గుతో రాస్తున్నాను, అప్పట్లో మాత్రం సిగ్గు లేదు.

ఓబుళమ్మ వచ్చిన రోజు

రాష్ట్రం విడిపోయిన తర్వాతి మాట ఇది. అప్పటికి నేను ముసలి గుమాస్తానే. అన్నీ తెలుసనుకునే వయసు.

మా ఆఫీసు ప్రొద్దుటూరులో బట్టల అంగడి మీద మేడలో ఉండేది. సార్ హైకోర్టు పని మీద ఊళ్లో లేరు. ఒక ఆడమనిషి మెట్లెక్కి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. కుడి చేతికి కొంగు చుట్టుకుని ఉంది.

"వకీలు సార్ ఉండాడా అన్నా?"

"లేడు. ఏం పనిమ్మా? కూచో."

ఆమె కూర్చుని కొంగు తీసింది. మోచేతి నుంచి కింద దాకా చర్మం కరిగి మళ్లీ గట్టిపడినట్టు ఉంది. మూడు వేళ్లు అరచేతికి అతుక్కుపోయాయి.

కువైట్‌లో ఒక ఇంట్లో వంటమనిషిగా నాలుగేళ్లు చేసిందట. అదే ఇంట్లో పులివెందుల వైపు మనిషి డ్రైవరుగా ఉండేవాడు. అతని పేరు రాయను, డ్రైవరు అనే అంటాను. అతను ఇంటి సరుకులు మూటగట్టి బయట అమ్ముకునేవాడు. సరుకులు ఏమైపోతున్నాయని ఒకరోజు ఇంటి మేడం ఓబుళమ్మను నిలదీసింది.

"నేను చూసింది చెప్పినా అన్నా. డ్రైవరన్న తీసకపోతాండాడు అని. అంతే. సాయంత్రం సమోసాలు వేస్తాంటే వంటింట్లోకొచ్చి, నువ్వేనా నా మీద చెప్పింది అని, బాండ్లి ఎత్తి నా మీద కుమ్మరిచ్చినాడు. కాగే నూనె."

వారం తిరక్కముందే డ్రైవరు విమానమెక్కి ఇంటికి వచ్చేశాడు. ఇంటి యజమాని ఓబుళమ్మను ఆసుపత్రిలో చేర్చి వైద్యం చేయించాడు. పోలీసు గొడవ మాత్రం వద్దన్నాడు. ఆరు నెలల తర్వాత టికెట్ కొని పంపించేశాడు. ఆమె ఇంటికి వచ్చేసరికి డ్రైవరు పులివెందులలో చీనీకాయల వ్యాను తోలుకుంటూ హాయిగా తిరుగుతున్నాడు.

"ఒకరోజు జమ్మలమడుగు బస్టాండులో ఎదురుపడినాడన్నా. నన్ను చూసి నవ్వినాడు. ఏమ్మే ఓబుళమ్మా, సమోసాలు బాగుండాయా అన్యాడు."

ఈ మాట చెప్పేటప్పుడు ఆమె ఏడవలేదు.

ఆమె అప్పటికే రెండు స్టేషన్లు తిరిగింది. ఏ ఊరివో రాయను. ఒకచోట "కువైట్‌లో జరిగితే కువైట్‌లో పెట్టుకోమ్మా" అన్నారట. ఇంకోచోట "మా లిమిట్స్ మండలం దాటవు, సముద్రం దాటతాయా" అని నవ్వారట.

"నాకు దుడ్లు వద్దన్నా. ఆయప్పను ఎవురన్నా పిలిచి, ఎందుకు చేసినావని ఒక్కసారి అడగాల. అంతే నాకు" అంది.

ఈ కేసులో ఆమెకు కావలసింది అదొక్కటే. చివరిదాకా గుర్తు పెట్టుకోండి.

నేను జరిపిన జాగా

సార్ వచ్చేదాకా ఆగమని చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. జాలి ఒకవైపు, నా పనితనం మీద పొగరు ఒకవైపు. ఆ రెండూ కలిస్తే ఎంత చెడ్డదో అప్పుడు తెలీదు.

పేపరు తీసి రాశాను. గొడవ కువైట్‌లో జరిగినట్టు రాయలేదు. ఆమె పల్లె పక్క బస్టాపులో, బజ్జీల బండి దగ్గర, డ్రైవరు నూనె పోసినట్టు రాశాను. సిగ్గుపడి ఇన్నాళ్లు చెప్పలేదని కూడా కలిపాను. ఆఖరి లైను చక్కగా కుదిరింది.

చదివి వినిపించాను.

"బజ్జీల బండి యాడిదన్నా?"

"ఉండాదిలేమ్మా. యాడో ఒకచోట ఉంటాది. ఇట్ల రాయకపోతే ఈ జన్మలో నీ కాగితం ఎవురూ తీసుకోరు."

ఆమె సంచిలోంచి ఒక కాగితం తీసింది. కువైట్ ఆసుపత్రి వాళ్లు ఇచ్చింది. అంతా అరబ్బీ. ఆకుపచ్చ ముద్ర ఉంది.

"ఇదీ పెడతావా?"

"వద్దొద్దు. దాన్ని ఎవురికీ చూపీగాకు. ఇంట్లో దాచిపెట్టు" అన్నాను.

ఇప్పుడు చెప్తాను వినండి. ఆమె దగ్గర ఉన్న నిజమైన సాక్ష్యం ఆ కాగితం ఒక్కటే. నేను జరిపిన జాగా వల్ల అదే ఆమెకు శత్రువు అయింది. మన అబద్ధం కోసం ఆమె నిజాన్ని దాచమన్నాను. ఇలాంటి మాట మీ నోటి నుంచి వచ్చిందంటే అక్కడే పెన్ను కింద పెట్టేయండి.

ఆ బస్టాపు పరిధిలోని స్టేషన్‌లో, ఆమె అంతకుముందు పోని చోట, కాగితం తీసుకున్నారు. కేసు కట్టారు. నాకు సంతోషమైంది. నెల తిరక్కముందే డ్రైవరు తరఫు వకీలు రెండు జిరాక్సులు పెట్టాడు. ఒకటి డ్రైవరు పాస్‌పోర్టు, ఒకటి ఎక్కడినుంచో సంపాదించిన ఓబుళమ్మ పాస్‌పోర్టు. గొడవ జరిగిందని నేను కాగితంలో వేసిన తేదీన ఇద్దరూ ఇండియాలోనే లేరు.

ఇన్నేళ్లు నేను జాగా జరిపింది మన పల్లెల్లో. వంక దాటితే ఎవరూ ముద్ర వెయ్యరు. గల్ఫ్‌కు పోయినవాళ్ల సంగతి అట్ల కాదు. ఏ రోజు ఏ దేశంలో ఉన్నారో వాళ్ల పాస్‌పోర్టే చెబుతుంది. మా బామ్మర్దులు ఇద్దరు కువైట్‌లోనే ఉన్నారు. ఇంట్లో నేను ఎన్ని పాస్‌పోర్టులు పట్టుకుని చూశానో. ఆ ముద్రలు రాసేటప్పుడు గుర్తుకు రాలేదు.

మొదటి వరండా

ఎస్సై ఓబుళమ్మను పాస్‌పోర్టుతో రమ్మన్నాడు. ఆమె నాకు ఫోన్ చేసింది. నేను వెంట వెళ్లాను కానీ లోపలికి పోలేదు. స్టేషన్ వరండాలో బల్ల మీద కూర్చున్నాను. కిటికీ తెరిచే ఉంది. అంతా వినిపిస్తోంది.

ఎస్సై వయసులో చిన్నవాడు. గొంతు మాత్రం పెద్దది.

"దొంగ కంప్లైంట్ ఇస్తే నీ మీదనే కేసు అవుతాది తెల్సా? బజ్జీల బండి అంట! పాస్‌పోర్టు చూస్తే కువైట్‌లో ఉండావు. ఎవురు రాసిచ్చినారు ఇది?"

"నేనే చెప్పినా సార్."

"చెప్పింది నువ్వయితే, రాసిందెవురు? నీకు ఈ చేతితో రాయనొస్తాదా?"

"మర్చిపోయినా సార్" అంది.

నేను వరండాలో ఉన్నానని ఆమెకు తెలుసు. వేలు చూపిస్తే చాలు. చూపించలేదు. "పేరు చెప్పేదాకా కూచో" అన్నాడు ఎస్సై. మధ్యాహ్నమైనా లోపల బెంచీ మీద కూర్చునే ఉంది. ఎన్నిసార్లు అడిగినా అదే మాట.

ఆ వరండాలో నాకు ఇంకొకటి తట్టింది. మేడం అడిగితే చూసింది చూసినట్టు చెప్పినందుకే ఆమె మీద నూనె పడింది. అలాంటి మనిషి చేత నేను అబద్ధం చెప్పించాను. ఇప్పుడు ఆ అబద్ధాన్ని నా కోసం మోస్తోంది.

లేచి లోపలికి పోవాలనిపించింది. పోలేదు. బస్సెక్కి ప్రొద్దుటూరు వచ్చేశాను. నా జీవితంలో అంత పొడుగైన ప్రయాణం ఇంకొకటి లేదు.

సార్ ఆఫీసులో ఉన్నారు. అంతవరకూ ఆయనకు చెప్పనిదంతా చెప్పాను. తిడతారు అనుకున్నాను. తిడితే బాగుండేది. కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "ఆయమ్మ మర్చిపోయింది బాషా. మరి నువ్వు?" అన్నారు.

అంతే. "నేను మర్చిపోలేదు సార్" అన్నాను.

"అయితే చెప్పులేసుకో, పోదాం" అన్నారు.

నేల, మనిషి

ఆ దారిలో, అద్దె కారులో, సార్ నాకు నేర్పిన పాఠమే ఈ రాతకు అసలు సరుకు. ఆయన మాటల్లోనే రాస్తాను.

"సార్, కువైట్ నేల గదా. మన చట్టం ఆడికి ఎట్ల పోతాది?"

"నువ్వు పులివెందులకు పోతే ఎవురు?"

"బాషాని."

"కువైట్‌కు పోతే?"

"బాషానే సార్."

"ఇండియా మనిషివేనా, పాస్‌పోర్టు ఆడ పారేస్తావా?"

"ఎందుకు పారేస్తా సార్!"

"మరి నీ జేబులో పాస్‌పోర్టు ఉన్నంత కాలం మన చట్టం నీ వెంటనే వస్తాది. నువ్వు ఆడ తప్పు చేస్తే కువైట్ అడగొచ్చు, నేల దానిది. ఇండియా కూడా అడగొచ్చు, మనిషి మనోడు. దేశానికి పట్టు రెండు రకాలప్పా. నేల పట్టు ఒకటి, మనిషి పట్టు ఒకటి. నువ్వు ఇన్నేళ్లు నేల పట్టు ఒక్కటే చూసినావు. అందుకే జాగా జరుపుతా కూచున్నావు. డ్రైవరు మనోడు, ఈడనే ఉండాడు. జాగా జరపాల్సిన పనే లేదు ఈ కేసులో."

నిజం రాసి ఉంటే సరిపోయేది! అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ చట్టంలో నూట ఎనభై ఎనిమిదో సెక్షన్ అదే. మన పౌరుడు బయటి దేశంలో నేరం చేస్తే, అతను మన దేశంలో ఎక్కడ దొరికితే అక్కడ జరిగినట్టే లెక్క. కోర్టులో విచారణ జరగాలంటే మాత్రం కేంద్ర ప్రభుత్వం అనుమతి ఉండాలి. పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టడానికి అది అడ్డం రాదు. ఇప్పుడు కొత్త చట్టాల్లో నంబరు మారింది, సంగతి మారలేదు. నంబరు మీ వకీలును అడగండి.

నేను ఇంకా అడిగాను. "మరి ఆయప్ప కువైట్‌లోనే ఉండింటే? మన ఎస్సై పోయి పట్టుకొస్తాడా?"

"పోలేడు. చట్టం మాట సముద్రం దాటుతాది, పోలీసు కాలు దాటదు. ఆ దేశం ఒప్పుకుని పట్టిస్తేనే. మనోళ్లు ఆడికి పోయి చెయ్యి వేస్తే అది వాళ్లింట్లో దొంగతనంగా దూరినట్టు."

"నూనె పోసింది డ్రైవరు గాకుండా ఆ ఇంటి యజమాని అయ్యుంటే?"

సార్ కొంచెంసేపు కారు బయటికి చూశారు.

"అప్పుడు మనకు నేలా లేదు, మనిషీ లేడు. దెబ్బ తిన్నది మాత్రమే మన మనిషి. దెబ్బ తిన్నోళ్లను చూసి కూడా కేసు పట్టే దేశాలు కొన్ని ఉండాయి. మన చట్టం ఇట్లాంటి కేసుల్లో అంత దూరం పోదు. అప్పుడు ఆడి పోలీసులు, ఆడి కోర్టు, మన ఎంబసీ సాయం. అంతే దారి. నాకు బాధే, కానీ లేనిది ఉందని ఆయమ్మకు చెప్పలేను."

మీరు కూడా చెప్పకండి. గల్ఫ్ కేసు తెచ్చినవాళ్లను మూడు అడగండి. ఎక్కడ జరిగింది, చేసినవాడు ఏ దేశం మనిషి, ఇప్పుడు ఎక్కడున్నాడు. ఆ తర్వాత అక్కడేమైనా కేసు నడిచి తీర్పు వచ్చిందా అని కూడా అడగండి. ఒక నేరానికి ఒక మనిషిని రెండుసార్లు శిక్షించడం న్యాయం కాదు. ఓబుళమ్మ విషయంలో అక్కడ కేసే లేదు.

ఇంకో రెండు రకాలు కూడా ఉన్నాయని సార్ చెప్పారు. మన రూపాయల దొంగనోట్లు వేరే దేశంలో ఎవరైనా అచ్చు వేస్తే, చేసింది పరాయివాడైనా, జరిగింది పరాయి నేలైనా, దెబ్బ తగిలేది మన దేశానికే కాబట్టి మనం అడగొచ్చు. నడి సముద్రంలో ఓడలు దోచేవాళ్లను ఏ దేశమైనా పట్టుకోవచ్చు, ఎందుకంటే వాళ్లు అందరికీ శత్రువులు. నాకు ప్రొద్దుటూరులో ఓడ కేసు ఒక్కటీ రాలేదు. అయినా ఆ మాట విన్నప్పుడు బలే సంతోషమైంది. ప్రపంచంలో ఎక్కడో ఒకచోట "మా లిమిట్స్ కాదు" అని ఎవరూ అనలేని నేరం ఉందన్నమాట.

ఎంబసీ గురించి ఒక మాట. ఎంబసీ గేటు లోపల ఇండియా నేల అని మన ఊళ్లలో అందరూ అంటారు. నేనూ అదే నమ్మి, గల్ఫ్‌లో పనిచేసే వల్లూరు మనిషి ఒకాయనకు ఫోన్‌లో చెప్పాను, "గేటు దాటితే నువ్వు ఇండియాలో ఉన్నట్టే" అని. పాపం ఆయన పని వదిలేసి గేటు దాటాడు. లోపలివాళ్లు అన్నం పెట్టారు, మర్యాదగా చూశారు. బయటికి వచ్చి విమానం ఎక్కాలంటే మాత్రం ఆ దేశం కాగితమే కావలసి వచ్చింది. నేల వాళ్లదే. వాళ్ల పోలీసులు అడగకుండా లోపలికి రాకూడదు, అంతవరకే. ఆయన ఇంటికి వచ్చాక నన్ను చూసి, "బాషా మామా, నీ ఇండియా గేటు లోపల పది అడుగులే ఉండాదప్పా" అన్నాడు.

నా మొదటి సంతకం

స్టేషన్‌కు వెళ్లేసరికి ఓబుళమ్మ ఇంకా అదే బెంచీ మీద ఉంది. నన్ను చూసి తల అడ్డంగా ఊపింది, రావద్దన్నట్టు.

"సార్, ఆ కంప్లైంట్ రాసింది నేను" అన్నాను ఎస్సైతో. "ఆయమ్మ కువైట్ అనే చెప్పింది. బస్టాపు, బజ్జీల బండి నేను కల్పించినా."

ఎస్సై కుర్చీలోంచి లేచాడు. అతను అన్న మాటలన్నీ ఇక్కడ రాయను. తిట్టినవి న్యాయమే. "ఇంత వయసొచ్చింది, బుద్ధి యాడ పెట్టినావయ్యా? నీ బజ్జీల బండి వెతకడానికి నా కానిస్టేబులు మూడు రోజులు ఎండలో తిరిగినాడు!" అన్న మాట మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

సార్ అడ్డం రాలేదు. ఎస్సై అలిసిపోయాక చట్టం పుస్తకం బల్ల మీద తెరిచి పెట్టారు. ఎస్సై నిలబడే చదివాడు. మళ్లీ చదివాడు. తర్వాత కూర్చున్నాడు.

"ఇది ముందే తెచ్చింటే సరిపోయేది గదా సార్" అన్నాడు, ఈసారి మెల్లగా.

"ముందు మా గుమాస్తాకు తెల్దు. నేను చెప్పలేదు. తప్పులో నాకూ పాలుంది" అన్నారు సార్. ఆయన ఆ మాట అనాల్సిన అవసరం లేదు. ఇన్నేళ్లయినా నేను మర్చిపోలేదు.

నేను వాంగ్మూలం ఇచ్చాను. కింద నా సంతకం పెట్టాను. ఎప్పుడూ వేరేవాళ్లకు "ఈడ పెట్టమ్మా, ఈడ పెట్టప్పా" అని వేలు చూపించేవాణ్ణి. ఆ రోజు ఎస్సై నాకు వేలు చూపించాడు. నా మీద కేసు పెట్టి ఉండొచ్చు. పై అధికారులకు రాసి, గట్టిగా హెచ్చరించి వదిలేశారు. ఓబుళమ్మ మీద కూడా ఏమీ పెట్టలేదు. అది ఆ ఎస్సై మంచితనం. ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

అక్కడే కూర్చుని సార్ చెబుతుంటే కొత్త కంప్లైంట్ రాశాను. ఆఖరి లైను దగ్గర చెయ్యి ఆగింది. సార్ చెప్పారు, నేను రాశాను: "ఈ సంఘటన మీ స్టేషన్ పరిధిలో జరగలేదు. కువైట్ దేశంలో జరిగినది. చేసిన వ్యక్తి భారత పౌరుడు, ప్రస్తుతం ఈ జిల్లాలో ఉన్నాడు కావున తగు చర్య తీసుకోగలరని ప్రార్థన."

కోర్టు ఆవరణలో గుమాస్తాలకు ఈ సంగతి తెలిసి నాకు "కువైట్ బాషా" అని పేరు పెట్టారు. "కువైట్‌ను బస్టాపుకు మోసుకొచ్చినోడప్పా ఈయన" అని టీ అంగడి దగ్గర పిలిచి చూపించేవాళ్లు. మొదట మండేది. తర్వాత అలవాటైంది. పిలిస్తే పలికేవాణ్ణి కూడా.

ఆసుపత్రి అరబ్బీ

ఇప్పుడు దాచిపెట్టిన కాగితం బయటికి వచ్చింది. ఎవరికైనా చూపించి లోపల ఏముందో తెలుసుకోవాలి. మా మసీదు హజ్రత్ దగ్గరికి తీసుకుపోయాను. ఆయన రోజూ అరబ్బీ చదివేవారు కదా.

ఆయన కాగితం దగ్గరికి, దూరానికి పట్టుకుని చూశారు. "బాషా, ఇది ఆసుపత్రి అరబ్బీ. నాకు తెలిసింది అల్లా మాట అరబ్బీ. ఇందులో కుడి చెయ్యి అన్న మాట ఒక్కటి గుర్తుపడతాండా. మిగతాది నాకు తెల్దు" అన్నారు.

తెలీనిది తెలీదని చెప్పిన ఆయన మీద నాకు గౌరవం పెరిగింది. ఓబుళమ్మ విషయంలో నేను ఆ ఒక్క మాట అని ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. కాగితాన్ని సర్కారు ఒప్పుకునే అనువాదకుల దగ్గరికి పంపించాం. కుడి చెయ్యి, కాగిన నూనె, చేర్చిన రోజు, అన్నీ ఉన్నాయి. ఆమె ఎలా కాలిందో డాక్టరుకు చెప్పిన మాట కూడా ఉంది. ఆ రోజే డ్రైవరు పేరు చెప్పింది.

ఢిల్లీ అనుమతి రావడానికి చాలాకాలం పట్టింది. ఆ కాగితాల గోల మీకు వద్దు. ఓబుళమ్మ ప్రతి నెలా ఒకసారి పెద్దముడియం నుంచి బస్సు మారి వచ్చేది. "వచ్చిందా అన్నా?" అనేది. "రాలేదమ్మా." "సరేలే" అనేది. ఎడమ చేత్తో నీళ్లు తాగి పోయేది. ఒక్కరోజు కూడా బజ్జీల బండి మాట ఎత్తలేదు.

రెండో వరండా

విచారణ వచ్చింది. నా సాక్ష్యం ముందు చెప్పేస్తాను, అందులో గొప్ప ఏమీ లేదు. ఇన్నేళ్లు బోను పక్కన నిలబడినవాణ్ణి మొదటిసారి బోనులోకి ఎక్కాను. డ్రైవరు వకీలు మొదటి కంప్లైంట్ ఎత్తి చూపించాడు.

"ఇది అబద్ధం. రాసింది నువ్వు. అవునా?"

"అవును సార్."

"అబద్ధం రాయడం నీకు అలవాటా?"

"అలవాటే ఉండె సార్. ఆ రోజు నుంచి మానేసినా."

జడ్జి గారు తలెత్తి నన్ను చూశారు. రాసుకున్నారు. తర్వాత వచ్చిన తీర్పులో నా మొదటి కాగితం తప్పని, అయినా ఆసుపత్రి కాగితం, పాస్‌పోర్టు ముద్రలు, ఓబుళమ్మ మాట ఒకదానికొకటి సరిపోయాయని ఉంది. డ్రైవరుకు శిక్ష పడింది. మమ్మల్ని పడగొట్టిన ముద్రలే చివరికి మమ్మల్ని నిలబెట్టాయి.

సార్ ఇప్పుడు లేరు. ఆ తీర్పు కాపీ ఆయన ఫోటో కింద సొరుగులో ఉంది. నేను పని మానేసిన రోజు ఓబుళమ్మ వచ్చి, ఎడమ చేత్తో రాయడం నేర్చుకున్నానని తన పేరు రాసి చూపించింది. నా రాత కంటే బాగుంది.

కానీ ఇదంతా రాస్తున్నప్పుడు నాకు పదే పదే గుర్తొచ్చేది తీర్పు కాదు, ఓబుళమ్మ బోనెక్కిన రోజు. నా సాక్ష్యం అప్పటికి కాలేదు కాబట్టి నన్ను లోపల ఉండనివ్వలేదు. కోర్టు వరండాలో కిటికీ పక్కన నిలబడ్డాను. మళ్లీ వరండా, మళ్లీ కిటికీ. లోపల డ్రైవరు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. బస్టాండులో నవ్విన నవ్వు ముఖాన లేదు. అతన్నీ ఎవరో ఒకరు అడిగే రోజు వచ్చింది.

జడ్జి గారు ఓబుళమ్మను అడిగారు.

"ఇది ఎక్కడ జరిగిందమ్మా?"

ఈ మాట చెప్పొద్దని ఒకప్పుడు నేనే ఆమె నోరు మూశాను.

ఓబుళమ్మ గొంతు కిటికీ దాటి వరండా అంతా వినిపించింది.

"కువైట్‌లో సార్. మా మేడం వంటింట్లో, పొయ్యి పక్కన."

నేను కళ్లు మూసుకుని ఎదురుచూశాను. మా లిమిట్స్ కాదని ఎవరూ అనలేదు. కాగితం మీద కలం కదిలిన చప్పుడు వినిపించింది. తర్వాత జడ్జి గారు అడిగారు.

"ఊఁ, చెప్పమ్మా. తర్వాత ఏం జరిగింది?"